మూత్రపు పైపు: రకాలు, ఎంపిక, ఇంట్లో సంరక్షణ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పెద్దవారికి మూత్రపు పైపు వేసి ఇంటికి పంపినప్పుడు, డిశ్చార్జి కాగితం మీద ‘ఫోలీ 16’ (పైపు రకం, సైజు) అన్న ఒక్క ముక్కకు మించి వివరం దొరకడం అరుదు. ఆ తరువాత ఇంటివారికి వచ్చే సందేహాలు దాదాపు అందరివీ ఒకటే కనుక, వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాము. ‘ఏ పైపు మంచిది?’ అని చాలామంది మొదలుపెడతారు గాని, అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: మూత్రం ఆగిపోతోందా, లేక అదుపు లేకుండా పోతోందా అన్నది ఒకటి, పైపు ఎన్నాళ్ళు అవసరం అన్నది రెండోది. ఇక్కడున్నది సాధారణ సమాచారం. రోగిని పరీక్షించిన డాక్టరు వేరుగా చెబితే ఆయన మాటే వినాలి.

## పైపు అవసరమని చెప్పినప్పుడు

నాన్నకు రాత్రి నుంచి మూత్రం రావడం లేదు, పొత్తికడుపు ఉబ్బింది. పైపు తప్పదా?

తప్పదు, అదీ ఆలస్యం లేకుండా. వయసు మళ్ళిన మగవారిలో దీనికి ఎక్కువగా ప్రోస్టేట్ గ్రంథి వాపు కారణమవుతుంది. మలబద్ధకం, కొన్ని జలుబు మందులు, ఏదైనా ఆపరేషన్ కోసం ఇచ్చిన మత్తు దానికి తోడవుతాయి. బార్లీ నీళ్ళు తాగిస్తే వస్తుందని ఎదురుచూడడం వల్ల ఉబ్బు, నొప్పి పెరగడమే తప్ప దారి తెరుచుకోదు. దగ్గరలోని అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి, వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. పైపు పడిన కొద్ది నిమిషాల్లోనే ఉపశమనం కలుగుతుంది. ఇది జీవితాంతం ఉండిపోతుందని బెంగపడనవసరం లేదు: ప్రోస్టేట్ దగ్గరి బిగుతును వదులు చేసే టామ్సులోసిన్ వంటి మందు మొదలుపెట్టి, సాధారణంగా రెండు మూడు రోజుల తరువాత పైపు తీసి చూస్తారు, చాలామందికి మూత్రం మళ్ళీ తనంతట తానే వస్తుంది.

నొప్పేమీ లేదు, చుక్కలు చుక్కలుగా పోతూనే ఉంది. అయినా పైపు ఎందుకంటున్నారు?

నిండిన మూత్రాశయం ఖాళీ కాలేక, అంచు దాటిన మూత్రం మాత్రమే కారుతున్న పరిస్థితి అది అయి ఉండవచ్చు. ఏళ్ళ తరబడి మధుమేహం ఉన్నవారిలో మూత్రాశయపు నరాలు మొద్దుబారడం వల్ల నొప్పి తెలియదు, కాని వెనక్కు పెరిగే ఒత్తిడి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రానికి వెళ్ళివచ్చిన తరువాత స్కానింగులో లోపల ఎంత మిగిలిందో చూస్తే విషయం తేలిపోతుంది.

మూత్రమంతా ఒక్కసారిగా తీసేస్తే ప్రమాదమంటారు. నిజమేనా?

ఆగి ఆగి కొంచెం కొంచెంగా తీయాలన్నది పాత అలవాటు. ఒకేసారి ఖాళీ చేసినా అంతే సురక్షితమని తరువాతి పరిశీలనల్లో తేలింది. ఒక్కోసారి మూత్రం కొంత ఎర్రగా వచ్చి, దానంతట అదే తగ్గుతుంది. అసలు గమనించవలసినది వేరే ఉంది. చాలాకాలంగా నిలిచిపోయినవారిలో పైపు వేశాక గంటగంటకూ విపరీతంగా మూత్రం పోయి ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవచ్చు, అందుకే అటువంటివారిని ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచుతారు.

అమ్మకు పక్షవాతం, పక్క తడిసిపోతోంది. పైపు వేయమంటే డాక్టరు వద్దంటున్నారు. ఎందుకు?

ఆ డాక్టరు మంచి మాటే చెబుతున్నారు. లోపల ఉంచే పైపు వేసిన రోజు నుంచి, ప్రతి రోజుకూ నూటికి మూడు నుంచి ఏడుగురి మూత్రంలో కొత్తగా సూక్ష్మజీవులు చేరుతూ ఉంటాయి; నెల గడిచేసరికి దాదాపు అందరిలోనూ ఉంటాయి. మూత్రం బయటకు వస్తూనే ఉన్నప్పుడు, చూసుకునేవారి వెసులుబాటు కోసం ఈ ముప్పును తెచ్చిపెట్టుకోవడం సరికాదు. రెండు మూడు గంటలకొకసారి బెడ్‌ప్యాన్ అందించడం, డైపరు వాడి తడిసిన వెంటనే మార్చడం మేలు. అయితే పిరుదుల దగ్గర పెద్ద పడకపుండ్లు పడి మూత్రం తగిలి మానకపోయినా, అవసాన దశలో కదిలిస్తేనే బాధపడుతున్నా, పైపు వేయడం న్యాయమే. రోజంతా ఒంటరిగా చూసుకునే కోడలి కష్టం చిన్నదని ఎవరూ అనరు; ఆ సంగతి కూడా డాక్టరుతో విప్పి చెప్పండి.

## రకం ఎంచుకునేటప్పుడు

అసలు ఎన్ని రకాల పైపులున్నాయి?

మూత్రం బయటకు వచ్చే దారిని బట్టి చూస్తే నాలుగు పద్ధతులు. మూత్రమార్గం గుండా వెళ్ళి, లోపల చిన్న బెలూను ఉబ్బి నిలిచి ఉండేది ఫోలీ క్యాథెటర్. అమెరికా యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలీ 1930లలో రూపొందించిన ఈ పైపే నేటికీ వార్డుల్లో ఎక్కువగా కనబడుతుంది. బెలూను లేకుండా, పెట్టి మూత్రం తీసి వెంటనే బయటకు తీసేసేది నెలటాన్ పైపు. పొత్తికడుపు మీద చిన్న రంధ్రం ద్వారా నేరుగా మూత్రాశయంలోకి వేసేది మూడోది. మగవారికి బయట తొడిగే కండోమ్ క్యాథెటర్ నాలుగోది, ఇది శరీరం లోపలికి వెళ్ళదు. మూత్రం ఆగిపోయేవారికి మొదటి మూడింట్లో ఒకటి కావాలి. కారిపోయే మగవారికి నాలుగోది సరిపోవచ్చు.

లేటెక్స్ పైపు, సిలికాన్ పైపు: ధర తేడాకు తగ్గ ప్రయోజనం ఉందా?

ఎన్నాళ్ళు ఉంచాలో తెలిస్తే జవాబు తెలిసినట్టే. లేటెక్స్ రబ్బరు పైపు చవక, మెత్తన. ఆపరేషన్ తరువాత కొద్ది రోజులకు అది చాలు. పైన సిలికాన్ పూత ఉన్న లేటెక్స్ రకాన్ని కూడా సాధారణంగా నాలుగు వారాలకు మించి ఉంచరు. పూర్తి సిలికాన్ పైపు ధర కొన్ని రెట్లు ఎక్కువైనా, తయారీదారు సూచనను బట్టి పన్నెండు వారాల వరకు ఉంచవచ్చు. గోడ పలుచన కావడం వల్ల అదే సైజులో లోపలి దారి వెడల్పుగా ఉంటుంది. అందుచేత నెలల తరబడి పైపు తప్పనివారికి సిలికాన్ లాభమే, వారం రోజుల్లో తీసేవారికి అది అనవసరపు ఖర్చు. ‘సిలికోనైజ్డ్’ అన్న మాటకు పూత మాత్రమే అని అర్థం; పూర్తి సిలికాన్ అనుకొని కొనేవారు చాలామంది. రబ్బరు చేతి తొడుగులు, బెలూన్లు తగిలితే ఒళ్ళు దద్దుర్లెక్కేవారికి, పుట్టుకతో వెన్నెముక లోపమున్న పిల్లలకు లేటెక్స్ పనికిరాదు.

రోజుకు నాలుగైదు సార్లు మాకు మేమే పైపు పెట్టుకోవాలంటున్నారు. భయంగా ఉంది, అది మంచి పద్ధతేనా?

మూత్రాశయం ఖాళీ కాని జబ్బుతో దీర్ఘకాలం బతకవలసినవారికి, చేతులు పనిచేస్తూ ఉంటే, ఇదే అన్నిటికన్నా మంచి పద్ధతి అని ఈ పేజీ అభిప్రాయం. యూరాలజిస్టులు సాధారణంగా మొదట సూచించేది కూడా ఇదే. పైపు లోపల నిలిచి ఉండదు కనుక ఇన్ఫెక్షన్లు, రాళ్ళు తక్కువ, ఒంటికి మూత్రపు సంచి వేలాడదు, దాంపత్య జీవితానికి అడ్డు ఉండదు.

ఇంత శుభ్రత ఇంట్లో సాధ్యమా అన్నది సహజంగా వచ్చే సందేహం. ఆపరేషన్ థియేటరు స్థాయి శుభ్రత అక్కరలేదని, సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన పైపు చాలునని అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాక్ లాపిడీస్ బృందం 1972లో ప్రకటించింది. మూత్రాశయం ఉబ్బిపోయి నిలవ ఉండడమే ఇన్ఫెక్షన్‌కు పెద్ద కారణమని వారి వాదన. అందువల్ల ఎన్నిసార్లు తీస్తున్నామన్నదే ముఖ్యం. పెద్దవారు సాధారణంగా రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు తీసుకోవాలి, ఒక్కసారికి వచ్చే మూత్రం 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటకూడదు. దాటుతూ ఉంటే మధ్యలో మరొకసారి తీయాలి గాని నీళ్ళు మానేయకూడదు.

ఆడవారు మొదట అద్దం సాయంతో నేర్చుకుంటారు, కొద్దిరోజుల్లో అద్దం అవసరం పోతుంది. మగవారు జెల్లీ సరిపడా రాసుకుని, గట్టిగా తగిలిన చోట తోయకుండా ఊపిరి వదిలి ఒక్క క్షణం ఆగాలి. పైపు ప్యాకెట్టు మీద ఒక్కసారికే అని ఉంటుంది. అంత ఖర్చు భరించలేనివారు కడిగి ఆరబెట్టి మళ్ళీ వాడుతున్నారు, కాని ఎలా కడగాలి, ఎప్పుడు పారేయాలి అన్నది నేర్పిన నర్సును అడిగి చేయండి. వెన్నుపూస దెబ్బతిన్నవారికి పునరావాస కేంద్రాల్లో ఈ శిక్షణ ఇస్తారు. చిత్తూరు వారికి దగ్గరగా వెల్లూరు సీఎంసీ ఆసుపత్రిలో అటువంటి కేంద్రం ఉంది.

కండోమ్ క్యాథెటర్ తేలిక కదా, అదే తొడగకూడదా?

మూత్రం అదుపు లేకుండా పోతున్నా మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవుతున్న మగవారికి అది మంచిదే. ఆగిపోయేవారికి మాత్రం పనికిరాదు. బయట తొడుగు ఎంత బాగున్నా లోపలి మూత్రాన్ని రప్పించలేదు. కొలిచి సరైన సైజు కొనాలి, రోజూ మార్చాలి, చర్మం కడిగి ఆరబెట్టాకే తొడగాలి. ఊడిపోతోందని మామూలు ప్లాస్టరు చుట్టూ బిగించి అంటించడం చాలా ప్రమాదం, రక్తప్రసరణ ఆగిపోతుంది. వాపు, రంగు మారడం కనబడితే వెంటనే తీసేయండి.

పొత్తికడుపుకు రంధ్రం చేసి వేసే పైపు ఎవరికి? పెద్ద ఆపరేషనా?

మూత్రమార్గం మూసుకుపోయినవారికి, ప్రమాదంలో కటి ఎముక విరిగి ఆ మార్గం తెగినవారికి, ఏళ్ళ తరబడి పైపు తప్పనివారికి దీన్ని సూచిస్తారు. సాధారణంగా ఆ చోటికి మాత్రమే మత్తు ఇచ్చి వేసే చిన్న ప్రక్రియ. కూర్చుంటే నొక్కుకోదు, శుభ్రం చేయడం సులభం, మూత్రమార్గం ఒరుసుకుపోదు. మొదటి మార్పు నాలుగు నుంచి ఆరు వారాల తరువాత ఆసుపత్రిలోనే జరగాలి. పొరపాటున ఊడివస్తే ఆ రంధ్రం చాలా త్వరగా పూడుకుపోతుంది. శుభ్రమైన గుడ్డ అదిమి, వెంటనే బయలుదేరండి.

## కొనేటప్పుడు, వేసేటప్పుడు

14, 16, 18 అంటే ఏమిటి? లావు పైపు వేస్తే బాగా పోతుంది కదా?

అవి ఫ్రెంచి కొలతలు. పారిస్‌లో శస్త్ర పరికరాలు చేసిన షారియేర్ పేరుతోనూ పిలుస్తారు. సంఖ్యను మూడుతో భాగిస్తే పైపు బయటి మందం మిల్లీమీటర్లలో వస్తుంది, అంటే 18 నంబరు పైపు మందం 6 మిల్లీమీటర్లు. మామూలు మూత్రం పోవడానికి పెద్దవారికి 12 నుంచి 16 చాలు. అంతకు మించిన లావు మూత్రమార్గాన్ని ఒరిపిడికి గురిచేసి, తరువాత అది కుంచించుకుపోయేలా చేస్తుంది. రక్తపు గడ్డలు పడుతున్నప్పుడు మాత్రమే 20, 22, 24 అవసరమవుతాయి. చివరన ఉండే రంగును బట్టి కూడా గుర్తించవచ్చు: 12 తెలుపు, 14 ఆకుపచ్చ, 16 నారింజ, 18 ఎరుపు.

మెడికల్ షాపులో పొట్టి పైపు ఇచ్చారు. మగవారికి అది వేయవచ్చా?

వేయకూడదు. మగవారి పైపు సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది, ఆడవారి కోసం చేసేది అందులో సగం కన్నా కొంచెం ఎక్కువ. పొట్టి పైపు మగవారిలో మూత్రాశయం దాకా చేరదు. మధ్యదారిలో బెలూను ఉబ్బితే మూత్రమార్గం చిట్లి తీవ్ర రక్తస్రావం అవుతుంది. పొడవు పైపు ఆడవారికి వేయవచ్చు.

బెలూనులో ఏం నింపుతారు? సెలైను పోయవచ్చా?

స్టెరైల్ వాటర్ (సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన నీరు) నింపాలి. సెలైనులోని ఉప్పు గడ్డకట్టి, తీసేటప్పుడు బెలూను ఖాళీ కాకుండా అడ్డుపడవచ్చు. గాలి నింపితే బెలూను తేలి, మూత్రం సరిగా దిగదు. ఎంత పట్టాలో పైపు చివర ముద్రించి ఉంటుంది, పెద్దవారికి సాధారణంగా 10 మిల్లీలీటర్లు. 30 మిల్లీలీటర్ల బెలూను ప్రోస్టేట్ ఆపరేషన్ తరువాత రక్తం ఆపడానికి వాడేది, ఇంట్లో ఉంచుకునే పైపుకు అది వద్దు.

‘వంపు కొన’, ‘మూడు దారుల’ పైపు అని రాశారు. అవి ఎందుకు?

కొన కొద్దిగా పైకి వంగి ఉన్న పైపు, పెరిగిన ప్రోస్టేట్ దగ్గరి మలుపును దాటడానికి. మూడు దారుల పైపులో ఒకటి బెలూనుకు, ఒకటి మూత్రానికి, మూడోది బయటి నుంచి ద్రవం పంపి లోపలి రక్తపు గడ్డలను కడగడానికి. రెండూ ఆసుపత్రిలో అనుభవమున్నవారు వేయవలసినవే.

## ఇంటికి వచ్చాక

సంచిని ఎక్కడ వేలాడదీయాలి, ఎప్పుడు ఖాళీ చేయాలి?

పడుకున్నా, కూర్చున్నా, నడిచినా సంచి మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, నేలను మాత్రం తాకకూడదు. మన ఇళ్ళలో చాప మీద పడుకునే పెద్దలకు ఇదే చిక్కు. చాప మీద పైపు కిందికి దిగే వాలు ఉండదు కనుక, పైపు ఉన్నన్నాళ్ళు మంచమో, నులక మంచమో తప్పదు. సంచి సగం దాటితే ఖాళీ చేయండి, ముందూ వెనుకా చేతులు కడగండి. పైపును తొడకు ప్లాస్టరుతో కొంచెం వదులు ఉంచి అంటిస్తే లాగుడు పడదు. మాటిమాటికీ పైపును సంచి నుంచి విడదీయకూడదు, విడదీసిన ప్రతిసారీ సూక్ష్మజీవులకు దారి ఇచ్చినట్టే. బయట తిరిగేవారికి తొడకు కట్టుకునే చిన్న సంచి దొరుకుతుంది. సంచిని సాధారణంగా వారానికొకసారి మారుస్తారు.

పైపు చుట్టూ రోజూ బెటాడిన్ రాయాలా?

అవసరం లేదు. స్నానం చేసేటప్పుడు మామూలు సబ్బు, నీళ్ళతో, ఒంటి నుంచి బయటి వైపుకు పైపును తుడిస్తే చాలు. ఆడవారికి ముందు నుంచి వెనుకకే కడగాలి. మగవారికి ముందుతోలును వెనక్కు జరిపి కడిగితే, తప్పనిసరిగా మళ్ళీ ముందుకు తేవాలి. వెనుకే వదిలేస్తే బిగుసుకుని వాచిపోతుంది.

ఎన్ని నీళ్ళు తాగాలి?

గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల డాక్టరు పరిమితి పెట్టనివారు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. తిరుపతి వేసవిలో చెమటకే చాలా నీరు పోతుంది కనుక లెక్క కన్నా రంగును చూడడం నయం. సంచిలో మూత్రం లేత పసుపుగా ఉంటే సరిపోతున్నట్టు. పలుచని మజ్జిగ, రాగి జావ కూడా ద్రవాల లెక్కలోకే వస్తాయి. మలబద్ధకం పైపు మీద ఒత్తిడి తెస్తుంది, ఆకుకూరలు మానకండి.

పైపుతో తిరుమల వెళ్ళవచ్చా? గుడిలోకి వెళ్ళడం తప్పా?

వైద్యపరంగా అభ్యంతరం ఏమీ లేదు. మూసి ఉన్న సంచిలో ఉన్న మూత్రం ఎవరికీ తగలదు. మనసుకు ఒప్పుదల కాని పెద్దలతో వాదించడం కన్నా, వారి ఇష్టానికి వదిలేయడం మంచిది. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లున్నాయి, నడిచే మొక్కును పైపు తీసేదాకా వాయిదా వేసి బస్సులో వెళ్ళండి. క్యూలోకి వెళ్ళే ముందు సంచి ఖాళీ చేసి, తొడకు కట్టే చిన్న సంచి పంచె లేదా చీర కింద అమర్చుకుంటే ఇబ్బంది ఉండదు. 65 ఏళ్ళు దాటినవారికి ప్రత్యేక దర్శనం ఏర్పాటు ఉంది. పైపు మూసుకుపోతే కొండ మీదే అశ్విని ఆసుపత్రి ఉంది.

అడగడానికి మొహమాటంగా ఉంది: పైపు ఉంటే దాంపత్యం సాధ్యమేనా?

సాధ్యమే. పొత్తికడుపు పైపు ఉన్నవారికి, స్వయంగా పైపు పెట్టి తీసుకునేవారికి పెద్దగా అడ్డంకి ఉండదు. మూత్రమార్గంలో ఫోలీ ఉన్నవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. పైపును మడిచి అంటించే పద్ధతులు ఉన్నాయి, లేదా రకమే మార్చవచ్చు.

## ఏదైనా తేడా కనబడినప్పుడు

సంచిలోకి మూత్రం రావడం లేదు. ఏం చేయాలి?

మొదట పైపు మెలిపడిందేమో, ఒంటి కింద నలిగిందేమో, సంచి పైకి లేచి ఉందేమో చూడండి. అవి సరిగానే ఉండి, పొత్తికడుపు బిగిసి నొప్పి పుడుతూ ఉంటే పైపు లోపల మడ్డి లేదా రక్తపు గడ్డ అడ్డుపడిందని అర్థం, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. నెల నిండకుండానే పదేపదే మూసుకుపోయేవారిలో మూత్రాశయపు రాయి ఉందేమో చూపించుకోవాలి.

పైపు పక్క నుంచి మూత్రం కారుతోంది. ఇంకా లావు పైపు వేయించాలా?

వద్దు. సంచిలోకి కూడా మూత్రం వస్తూ పక్క నుంచీ కారుతూ ఉంటే, బెలూను ఒరిపిడికి మూత్రాశయం బిగుసుకుని మూత్రాన్ని బయటకు నెడుతోందన్నమాట. లావు పైపు ఆ బిగుసుకోవడాన్ని మరింత పెంచుతుంది. సైజు తగ్గించడం, మలబద్ధకం పోగొట్టడం, బిగుసుకోవడం తగ్గే మందు వాడడం సరైన దారి.

మూత్రం మసకగా ఉంది, వాసన వస్తోంది. యాంటీబయాటిక్ వేసుకోవాలా?

కేవలం ఆ రెండు కారణాలకే వద్దు. చాలాకాలంగా పైపు ఉన్నవారి మూత్రంలో సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి, పరీక్షలో కనబడినంత మాత్రాన మందు వాడితే మొండి సూక్ష్మజీవులు తయారై, నిజంగా అవసరమైన రోజున మందులు పనిచేయవు. జ్వరం, చలి వణుకు, నడుము పక్కల నొప్పి, ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడడం ఉంటే అది ఇన్ఫెక్షన్, అదే రోజు చూపించాలి. అప్పుడు, ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు సంచిలోని మూత్రం ఇవ్వకూడదు. పైపు వేసి రెండు వారాలు దాటితే పాతది మార్చి, కొత్త పైపు నుంచి నమూనా తీయమని అడగండి.

సంచి ఊదారంగులోకి మారింది! విషమా?

కాదు. మలబద్ధకంతో మంచాన ఉన్న పెద్దవారిలో, ముఖ్యంగా ఆడవారిలో, కొన్ని సూక్ష్మజీవుల వల్ల ఆ రంగు పడుతుంది. చూడడానికి భయపెట్టినా సాధారణంగా హాని లేదు. డాక్టరుకు చెప్పి, పైపు, సంచి మార్పించి, మలబద్ధకానికి మందు తీసుకోండి.

వెన్నుపూస దెబ్బతిన్న మా తమ్ముడికి ఉన్నట్టుండి తలనొప్పి, ముఖమంతా చెమట. దానికీ పైపుకూ సంబంధమా?

ఉంది, ఇది ప్రాణాంతకం కావచ్చు. ఛాతీ మధ్యభాగం, లేదా అంతకు పైన వెన్ను దెబ్బతిన్నవారిలో పైపు మూసుకుపోతే రక్తపోటు ఒక్కసారిగా పెరిగిపోతుంది. మనిషిని కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, పైపు మెలిక విప్పండి. వెంటనే తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

మతిమరుపుతో తాత బెలూనుతో సహా పైపు లాగేశారు. మళ్ళీ మేమే వేయవచ్చా?

వేయకండి. ఉబ్బిన బెలూను మూత్రమార్గాన్ని చీల్చి ఉండవచ్చు. రక్తం కారుతూ ఉంటే గుడ్డతో మెల్లగా అదిమి, ఊడివచ్చిన పైపును కూడా తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. బెలూను ముక్క లోపల మిగిలిందేమో వారు దాన్ని చూసి తెలుసుకుంటారు. తరువాత పైపు అవసరం ఇంకా ఉందా అన్నది కూడా అప్పుడే అడగండి.

## తీసేటప్పుడు

తీసే ముందు పైపును క్లిప్పుతో మూసి, తెరిచి అలవాటు చేయాలా?

చాలాచోట్ల చేయిస్తారు గాని, కొద్దికాలం పైపు ఉన్నవారికి దానివల్ల ప్రయోజనం ఉన్నట్టు అధ్యయనాల్లో కనబడలేదు. డాక్టరు ప్రత్యేకంగా చెప్పనిదే ఇంట్లో మూయకండి. మూసి మరచిపోయే ప్రమాదమే ఎక్కువ.

బెలూను ఖాళీ కావడం లేదు. పైపు కత్తిరిస్తే నీరు పోతుందంటున్నారు, చేయవచ్చా?

ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. కత్తిరించాక నీరు పోకపోతే మిగిలిన ముక్క లోపలికి జారిపోతుంది, అప్పుడు దుర్బీను ద్వారా తీయవలసి వస్తుంది. సిరంజిని గట్టిగా గుంజకుండా, తగిలించి కొన్ని నిమిషాలు ఉంచితే నీరు దానంతట అదే దిగుతుంది. అప్పటికీ దిగకపోతే యూరాలజీ విభాగానికే వెళ్ళండి.

పైపు తీశాక ఎంతసేపు చూడాలి?

మామూలుగా నీళ్ళు తాగుతూ ఉండండి, బలవంతంగా లీటర్ల కొద్దీ తాగనక్కరలేదు. మొదటి ఒకటి రెండుసార్లు కొంత మంట ఉండడం సహజం. ఆరు గంటలు గడిచినా మూత్రం రాకపోయినా, అంతకుముందే పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుట్టినా ఆసుపత్రికి వెళ్ళాలి. అందుకే పైపు తీయించుకోవడానికి ఉదయం వేళ వెళ్ళండి. మదనపల్లె, పలమనేరు వంటి దూరాల నుంచి వచ్చేవారు ఒకసారి మూత్రం పోసి, లోపల ఎంత మిగిలిందో చూపించుకున్నాకే తిరుగు బస్సు ఎక్కండి.